ఆప్షన్ల కాగితం అమ్మాయి చేతికివ్వండి

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. వాళ్లకి నీట్ పరీక్ష సంగతి తెలియదు కాబట్టి రెండింటితో సరిపెట్టారు. తెలిసుంటే ‘పిల్లని మెడిసిన్‌లో చేర్చి చూడు’ అని మూడోది కూడా కలిపేవారేమో!

ఇంటర్ రెండేళ్లూ, కొందరికి ఆపైన లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇంకో ఏడాదీ ఇల్లంతా ఆ పిల్ల చుట్టూనే తిరుగుతుంది. టీవీ మూగబోతుంది. చుట్టాల పెళ్లిళ్లకి నాన్నగారు ఒక్కరే వెళ్లి అక్షింతలు వేసి వచ్చేస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి పిల్ల లేస్తే, ఆ పిల్లకి పాలు కలపడానికి అమ్మ మూడున్నరకే లేస్తుంది. సరే, ఎలాగో పరీక్ష అయింది. ర్యాంకూ వచ్చింది. ఇక ఆ రోజు నుంచి వీధి చివర పాలబూత్ దగ్గర్నుంచి దుబాయ్‌లో ఉన్న మేనమామ దాకా అందరూ అడిగే ప్రశ్న ఒకటే. “ఎంత?”

ఆ వెంటనే అడగాల్సిన రెండో ప్రశ్న ఇంకోటి ఉంది. “ఎక్కడ?” దీని మీద మాత్రం మనం అంతగా మనసు పెట్టం. రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న ర్యాంకుని రెండ్రోజుల్లో, ఒక్కోసారి రెండు గంటల్లో ఖర్చు పెట్టేస్తాం. కాలేజీల వరస ఎవరు రాస్తారో గమనించారా? చాలా ఇళ్లలో నాన్నగారు, బాబాయిగారు, నెట్ సెంటర్ కుర్రాడు కలిసి రాస్తారు. అమ్మ కాఫీలు అందిస్తుంది. మరి చదవబోయే పిల్ల? పక్కన నిలబడి ఫోన్‌లోకి వచ్చిన ఓటీపీ చదివి చెబుతుంది!

అక్కడ గడపాల్సింది అయిదున్నరేళ్లు. గడపాల్సింది ఆ అమ్మాయి. అందుకే ఈసారి మీ ఇంట్లో కాఫీల సంగతి ఇంకెవరికైనా అప్పజెప్పి, మీరూ ఆ కాగితం దగ్గర కూర్చోండి.

మార్కులు పక్కన పెట్టండి

నీట్ మొత్తం 720 మార్కులు. అందులో సగం, అంటే 360, బయాలజీవి. ఫిజిక్స్‌కి 180, కెమిస్ట్రీకి 180. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు బయాలజీ, తరువాత కెమిస్ట్రీ, ఆ తరువాత ఫిజిక్స్ మార్కులు చూసి ఎవరు ముందో తేలుస్తారు.

“పక్కింటి వాళ్లబ్బాయికి ఇన్ని మార్కులకి ఫలానా కాలేజీలో వచ్చింది, మనకీ వస్తుంది” అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 2024లో సవరించిన ఫలితాల తరువాత కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. మరుసటేడు, 2025లో, దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన వారికి 686. పేపరు కష్టమైతే మార్కులు దిగుతాయి, సులువైతే పెరుగుతాయి. కాబట్టి నిరుడు ఎవరికి ఎక్కడ వచ్చిందో చూడాలంటే మార్కులు కాదు, ర్యాంకు చూడాలి.

ర్యాంకు ఒక్కటే చాలదు. రిజర్వేషన్ కేటగిరీ, స్థానికత, అమ్మాయా అబ్బాయా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఆడపిల్లలకి సీట్లలో మూడో వంతు రిజర్వేషన్ ఉందన్న సంగతి చాలామంది అమ్మలకి ఇప్పటికీ తెలియదు! నిరుటి సీట్ల కేటాయింపు జాబితాలు ఆరోగ్య విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో ఉంటాయి. అందులో మీ అమ్మాయి కేటగిరీలో, మీ ప్రాంతంలో చివరి సీటు ఏ ర్యాంకుకి వెళ్లిందో పెన్సిల్‌తో రాసుకోండి. పెన్సిల్ అని ఎందుకన్నానంటే, అది దారి చూపించే గుర్తే గానీ రాతిమీద గీత కాదు. కొత్త కాలేజీలు వచ్చాయంటే ఆ అంకెలు కదులుతాయి.

కంప్యూటర్ మన జాబితాని ఎలా చూస్తుంది?

ఎంసెట్ రోజుల్లో కౌన్సెలింగ్ హాలుకి స్వయంగా వెళ్లేవాళ్లం. తెరమీద మిగిలిన సీట్లు చూసి, గుండె దడదడలాడుతుంటే అప్పటికప్పుడు తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడంతా ఇంట్లో కూర్చుని రాసే వెబ్ ఆప్షన్లే. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పని చూస్తాయి. ప్రభుత్వ కాలేజీల్లోని పదిహేను శాతం ఆలిండియా కోటా సీట్లకి, ఎయిమ్స్‌లకి, డీమ్డ్ యూనివర్సిటీలకి ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ దగ్గర వేరేగా నమోదు చేసుకోవాలి. ఒకచోట నమోదు చేస్తే రెండోచోట కూడా చేసినట్టే అనుకుని ఊరుకోకండి.

కంప్యూటర్ చేసే పని రేషన్ షాపు వరస లాంటిదే. ర్యాంకు ప్రకారం ఒక్కొక్కరినీ పిలుస్తుంది. మీ అమ్మాయి వంతు వచ్చాక ఆమె జాబితాని పైనుంచి కిందికి చూస్తుంది. ఒకటో కాలేజీలో ఆమెకి తగ్గ సీటుంటే ఇచ్చేస్తుంది. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. అంతే.

దీన్నుంచి మూడు సంగతులు తెలుస్తాయి. ఒకటి, రాదేమో అనిపించే కాలేజీని పైన రాసినందువల్ల పోయేదేమీ లేదు. రాకపోతే కంప్యూటర్ కిందికి దిగుతుంది, కోపం తెచ్చుకోదు. రెండు, ఇష్టం లేని కాలేజీని ‘వచ్చేదేదో వస్తుంది’ అని పైన రాశారో, అదే వస్తుంది. మూడు, చేరే ఉద్దేశం బొత్తిగా లేని కాలేజీని అసలు రాయకూడదు. మిగిలినవన్నీ నిజంగా ఎంత ఇష్టమో ఆ వరసలోనే రాయాలి. ఇందులో తెలివితేటలు చూపించడానికి వేరే కిటుకులేం లేవు.

ఆసుపత్రే అసలు పాఠ్యపుస్తకం

మరి ఇష్టం దేన్నిబట్టి తేల్చుకోవాలి? గేటు దగ్గర ఫౌంటెన్, ఏసీ క్లాసురూములు, హాస్టల్ మెనూ చూసి కాదు కదా!

ఎంబీబీఎస్‌లో మొదట అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. తరువాత పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ. ఆపైన జనరల్ మెడిసిన్, సర్జరీ, గైనకాలజీ, పిల్లల వైద్యం లాంటివి. ఇలా నాలుగున్నరేళ్లు చదివాక, ఏడాది పాటు హౌస్ సర్జన్‌గా వార్డుల్లో పని చేయాలి. పుస్తకాలు ఎక్కడైనా అవే పుస్తకాలు. మంచి పాఠాలు ఇప్పుడు ఫోన్‌లోనూ దొరుకుతాయి. దొరకనిది రోగి. కామెర్లతో కళ్లు పచ్చబడిన మనిషిని, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని, ఆయాసంతో కూర్చోలేక పడుకోలేక అల్లాడే ముసలాయన్ని కళ్లారా చూసి, చేత్తో తాకి నేర్చుకోవాలి. రోగులు రాని ఆసుపత్రిలో వైద్యం చదవడమంటే, పొయ్యి లేని ఇంట్లో వంట నేర్చుకోవడమే.

మన పాత ప్రభుత్వ కాలేజీలకి అంత పేరెందుకో ఇక్కడే అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియాకి మూలమైన మెడికల్ స్కూలు 1846లో పుట్టింది. విశాఖపట్నంలో ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నాటిది, దానికి కింగ్ జార్జ్ ఆసుపత్రి అండ. గుంటూరు 1946, గాంధీ 1954, కర్నూలు 1957, కాకినాడ రంగరాయ 1958, వరంగల్ కాకతీయ 1959, తిరుపతి ఎస్వీ 1960. వీటి వెనకున్న పెద్దాసుపత్రులకి చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. వరంగల్ ఎంజీఎంకి, తిరుపతి రుయాకి, కర్నూలు పెద్దాసుపత్రికి ఒక్కసారి ఉదయం తొమ్మిదింటికి వెళ్లి ఓపీ దగ్గర నిలబడితే ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. పీజీ విద్యార్థులు ఉంటారు కాబట్టి, ప్రొఫెసర్ దొరక్కపోయినా పై తరగతి అక్కయ్యో అన్నయ్యో నేర్పిస్తారు.

అలాగని కొత్త కాలేజీలన్నీ తీసిపారేయాల్సినవి కావు. తెలంగాణలో 2022లో ఒకేసారి ఎనిమిది ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. సంగారెడ్డి, మహబూబాబాద్, మంచిర్యాల, వనపర్తి, కొత్తగూడెం, జగిత్యాల, నాగర్‌కర్నూల్, రామగుండం. ఆంధ్రాలో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల వచ్చాయి. 2024లో పాడేరులో యాభై సీట్లతో ఇంకోటి మొదలైంది. వీటిలో చాలావాటికి ఆసరా, అప్పటికే జనం వచ్చే జిల్లా ఆసుపత్రులు. క్లాసులో 250 మంది బదులు వందో నూట యాభయ్యో ఉంటారు, మేష్టారికి పిల్ల పేరు తెలుస్తుంది. కాకపోతే కొన్ని విభాగాల్లో ప్రొఫెసర్ల పోస్టులు ఇంకా నిండకపోవచ్చు, హాస్టల్ సగం కట్టి ఉండొచ్చు. అడిగి తెలుసుకోవాలి.

ఏం అడగాలి?

వీలైతే ఆప్షన్లు రాయకముందే నాలుగైదు కాలేజీలకి అమ్మాయితో కలిసి వెళ్లి రండి. ప్రిన్సిపాల్ గదికి కాదు, క్యాంటీన్‌కి వెళ్లండి. అక్కడ మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలు కనబడతారు. ఆడపిల్లలు అయితే ఇంకా మంచిది. “అమ్మా, మా అమ్మాయి చేరుదామనుకుంటోంది” అంటే చాలు, దాచకుండా చెప్తారు.

• ఓపీకి రోజూ ఎంతమంది వస్తారు? వార్డుల్లో మంచాలు నిండి ఉంటాయా? (జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి ప్రమాణాల్లో వంద సీట్ల కాలేజీకి 420 పడకలు, 150 సీట్లకి 605 పడకలు ఉండాలని చెప్పింది. కానీ పడకలు లెక్కపెట్టి తృప్తి పడకండి. వాటిమీద మనుషులున్నారా అన్నది చూడండి.)
• నెలకి ఎన్ని కాన్పులు అవుతాయి? హౌస్ సర్జన్లని పక్కన నిలబెట్టుకుని నేర్పిస్తారా, కాగితాలు రాయించుకుని పంపేస్తారా?
• క్యాజువాలిటీకి రాత్రిళ్లు యాక్సిడెంటు, పాముకాటు కేసులు వస్తాయా? లేక పెద్దాసుపత్రికి పంపించేస్తారా?
• పీజీ కోర్సులు ఏయే విభాగాల్లో ఉన్నాయి?
• కాలేజీకీ ఆసుపత్రికీ ఎంత దూరం? బస్సు ఉందా?
• రాత్రి డ్యూటీ చేసే అమ్మాయిలకి తలుపు గడియ పడే గది, శుభ్రమైన బాత్రూము ఉన్నాయా?

చివరి ప్రశ్న చిన్నదనుకోకండి. ఏడాది పాటు ముప్పై ఆరు గంటల డ్యూటీలు చేసిన అమ్మాయిల్ని అడగండి, అదెంత పెద్దదో చెప్తారు.

పిల్ల బలం ఏమిటి?

కాలేజీ బలం తెలుసుకున్నారు. ఇప్పుడు మీ అమ్మాయి బలం కూడా చూడాలి. నీట్ ర్యాంకు మొత్తం మీద ఒక్క అంకె చెబుతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పదు. ఒకే ర్యాంకు వచ్చిన ముగ్గురమ్మాయిల్ని ఊహించుకోండి.

మొదటి అమ్మాయి ఫిజిక్స్‌లో, లెక్కల్లో చురుకు. ‘ఎందుకు, ఎలా’ అని అడగకుండా ఊరుకోదు. ఫిజియాలజీ, ఫార్మకాలజీ ఇలాంటి పిల్లలకి ఆడుతూ పాడుతూ వస్తాయి. ప్రశ్న అడిగితే విసుక్కోని మేష్టార్లు, పీజీలు, లైబ్రరీ ఉన్నచోట ఈ పిల్ల వికసిస్తుంది. పాత పెద్ద కాలేజీ గానీ, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ లాంటిది గానీ అందుబాటులో ఉంటే వదులుకోకూడదు.

రెండో అమ్మాయి బయాలజీ పుస్తకం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తుంది. ఫిజిక్స్ గండం ఎలాగో గట్టెక్కింది. ఇకమీదట ఫిజిక్స్ లేదు కాబట్టి ఒక బరువు దిగినట్టే. అయితే ఈమెకి ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు ఉండి టైంటేబుల్ వేసి చదివించారు. 250 మంది క్లాసులో ఈ పిల్ల రాలేదని కూడా ఎవరూ గమనించకపోవచ్చు. మొదటి ఏడాది అందరికీ గడ్డుకాలమే. ఆ ఏడాది పరీక్షకి నాలుగు అవకాశాలే ఉంటాయి, కోర్సు మొత్తం తొమ్మిదేళ్లలో ముగించి తీరాలి. అలాంటి పిల్లకి, వారం వారం పరీక్షలు పెట్టి వెంటపడే చిన్న కాలేజీయే మేలు కావొచ్చు. కొత్తదైనా సరే.

మూడో అమ్మాయి తెలుగు మీడియంలో చదివొచ్చింది. క్లాసులో లేచి ఇంగ్లీషులో జవాబు చెప్పాలంటే గొంతు పెగలదు. కానీ ఇంటికొచ్చిన ముసలమ్మని “ఏం పెద్దమ్మా, మోకాళ్లు నొప్పా?” అని పలకరించి పావుగంటలో ఆవిడ జబ్బు చరిత్రంతా రాబట్టేస్తుంది! డాక్టరీలో ఇది చిన్న బలం కాదు. రోగి దగ్గర వివరం రాబట్టడంతోనే సగం జబ్బు తెలిసిపోతుందని డాక్టర్లే అంటారు. మన యాస, మన మాట వినబడే ఆసుపత్రిలో ఈ అమ్మాయి మొదటి నెలలోనే నిలదొక్కుకుంటుంది. ఆలిండియా కోటాలో వేరే రాష్ట్రం వెళ్తే, ఇంగ్లీషుతో పాటు ఆ ఊరి భాష కూడా నేర్చుకోవాలి. తమిళనాడు వార్డులో తమిళం, మహారాష్ట్ర వార్డులో మరాఠీ. నేర్చుకోలేరని కాదు, ఆ శ్రమ కూడా లెక్కలో వేసుకోమని. కొన్ని రాష్ట్రాల్లో చదువయ్యాక కొంతకాలం ప్రభుత్వ సేవ చేస్తామని బాండు కూడా రాయించుకుంటారు. అదీ ముందే చదువుకోవాలి.

ఇంతకీ మీ అమ్మాయి ఈ ముగ్గురిలో ఎవరు? కోచింగ్ సెంటర్ వారిని అడిగితే ర్యాంకు చెప్తారు. ఈ ప్రశ్నకి జవాబు అమ్మకే తెలుసు. అమ్మకంటే ఎక్కువగా ఆ పిల్లకే తెలుసు.

“అంత దూరమా?”

ఆడపిల్లల జాబితా దగ్గరకొచ్చేసరికి కాలేజీ బలం, పిల్ల బలం రెండూ పక్కకిపోయి, కిలోమీటర్లు ముందుకొస్తాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం పశ్చిమగోదావరిలో ఉంటుంది. అమ్మాయికి విశాఖపట్నంలో ప్రభుత్వ సీటు వచ్చే ర్యాంకు. “వారం వారం ఇంటికొస్తుంది, చారూ అన్నం తింటుంది, మన కళ్ల ముందుంటుంది” అని నాయనమ్మ పట్టుబట్టింది. ఇంటికి గంట దూరంలో ఉన్న ప్రైవేటు కాలేజీని మొదటి ఆప్షన్‌గా రాయించారు. కంప్యూటర్ తనకి చెప్పిన పని చేసింది, మొదటిదే ఇచ్చింది. ఆమెకంటే వెనక ర్యాంకు వచ్చిన ఆమె స్నేహితురాలు విశాఖలో చేరింది. ఇప్పుడు ఇద్దరూ మూడో ఏడాదిలో ఉన్నారు. ఈ అమ్మాయి వారం వారం ఇంటికొస్తున్న మాట నిజమే. వచ్చినప్పుడల్లా ఫోన్‌లో స్నేహితురాలిని అడిగేది ఒకటే. “ఇవాళ ఏ కేసు చూశావే?”

ఆ ఇంట్లోనే అన్నయ్య ఇంజనీరింగ్‌కి చెన్నై వెళ్లాడు. అప్పుడు ఎవరూ కిలోమీటర్లు లెక్కపెట్టలేదు.

ఆడపిల్ల భద్రత గురించి బెంగ వద్దనడం లేదు. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో జరిగిన ఘోరం తరువాత ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ బెంగని దూరంతో కొలవకండి. దగ్గరున్న కాలేజీ అంతా భద్రం కాదు, దూరమున్నదంతా ప్రమాదం కాదు. హాస్టల్‌కీ వార్డుకీ మధ్య దారిలో దీపాలున్నాయా, వాచ్‌మన్ ఉన్నాడా, డ్యూటీ గది ఎలా ఉంది, ఫిర్యాదు చేస్తే వినే కమిటీ పనిచేస్తోందా అని అడగండి. ఈ ప్రశ్నలు ఇంటి పక్క కాలేజీనీ అడగాలి. అందరూ అమ్మాయిలే ఉన్నచోట చదవాలని పిల్లే కోరుకుంటే, తిరుపతిలో 2014లో మొదలైన శ్రీపద్మావతి మహిళా వైద్య కళాశాల ఉంది. ఆలిండియా కోటాలో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ ఉంది. అయితే కోరుకోవాల్సింది ఆ పిల్ల.

హైదరాబాద్ మెడికల్ స్కూల్లో రూపాబాయి ఫర్దూంజీ అనే అమ్మాయి చేరింది 1885లో. 1889లో హకీం పట్టా పుచ్చుకుని, రోగులకి మత్తుమందు ఇచ్చే వైద్యురాలిగా చరిత్రకెక్కింది. తరువాత పైచదువుకి ఎడిన్‌బరో దాకా ఓడలో వెళ్లింది. మనం ఇవాళ వీడియో కాల్ చేతిలో పెట్టుకుని, వందేభారత్ రైలు ఎక్కి వెళ్లే ఊరికి ‘అమ్మో, దూరం’ అంటున్నాం!

డబ్బు మాట

దీన్ని మొహమాటపడి దాటేస్తే తరువాత ఇల్లంతా బాధపడాలి. ప్రభుత్వ సీటుకీ, ప్రైవేటులో కన్వీనర్ సీటుకీ ఫీజు వేలల్లో ఉంటుంది. అదే ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు అంటే ఏడాదికి లక్షలు. ఎన్నారై సీటు అంతకు మించి. దీనికి హాస్టల్, మెస్, పుస్తకాలు, ఇతర ఫీజులు కలుపుకోవాలి. ఏ కాలేజీకి ఏ కేటగిరీలో ఎంతో ఆ ఏటి నోటిఫికేషన్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంటుంది. కాలేజీ బయట నిలబడ్డ ఏజెంటు చెప్పింది కాదు, అచ్చులో ఉన్నది నమ్మండి.

ఇంకొక్క మాట. ఎంబీబీఎస్ తోనే చదువు ఆగదు. పీజీ సీటు మళ్లీ నీట్ పీజీ ర్యాంకు మీదే వస్తుంది. ‘ఫలానా పేరున్న కాలేజీ’ అని అక్కడ ప్రత్యేకంగా మార్కులు వేయరు. కాబట్టి పొలం అమ్మి పేరు కొనడం కంటే, తక్కువ ఫీజులో రోగులెక్కువున్న చోట చదివి, ఆ డబ్బు చేతిలో ఉంచుకోవడం తెలివైన పని. పొలం అమ్మి చదివించిన పిల్ల మీద ‘త్వరగా సంపాదించాలి’ అన్న బరువు కూడా పడుతుంది. ఆ మాట మనం పైకి అనకపోయినా దానికి వినబడుతూనే ఉంటుంది.

స్థానికత, విడతలు: మర్చిపోకూడనివి

సర్టిఫికెట్ల ఫైలు ఫలితాలకంటే ముందే సిద్ధం చేసుకోవాలి. ఆంధ్రాలో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం అని రెండు స్థానిక ప్రాంతాలు. రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లు స్థానికులకే. తెలంగాణలో స్థానికత కోసం తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్న నిబంధనని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కొన్ని మినహాయింపులున్నాయి. ఖమ్మం, నల్గొండ వైపు నుంచి ‘కోచింగ్ బాగుంటుంది’ అని ఇంటర్‌కి పిల్లల్ని విజయవాడ, గుంటూరు పంపే తల్లిదండ్రులు ఈ సంగతి పదో తరగతి సెలవుల్లోనే ఆలోచించుకోవాలి. ర్యాంకు వచ్చాక ఆలోచిస్తే లాభం లేదు.

సీట్లు ఒక్కసారిగా కాకుండా విడతలు విడతలుగా ఇస్తారు. మొదటి విడతలో వచ్చిన కాలేజీలో చేరి, తరువాత విడతలో ఇంకా మంచిదానికి ప్రయత్నించవచ్చు. కానీ అక్కడ మెలిక ఉంది. మీరు ‘ఇంకా మంచిది’ అని రాసిన చోట సీటు వచ్చిందంటే, పాత సీటు దానంతటదే రద్దవుతుంది. “అయ్యో, పాతదే బాగుందండీ” అంటే వినేవారుండరు. కాబట్టి రెండో విడతకి ముందు పిల్లని మళ్లీ అడగండి. చేరిన చోట స్నేహితులు కుదిరి, చదువు నచ్చి ఉంటే, పాత జాబితాని గుడ్డిగా కొనసాగించొద్దు. ఆలిండియా కౌన్సెలింగ్‌లో మొదటి విడత సీటు వద్దనుకుంటే డిపాజిట్ పోకుండా తప్పుకోవచ్చు. రెండో విడత నుంచి అలా కుదరదు. రెండు చోట్లా సీటు పట్టుకుని కూర్చోవడమూ కుదరదు. ఈ నియమాలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ మొత్తం, చివరి పేజీ దాకా, అమ్మాయి చేతే పైకి చదివించండి. రేపు మందుల చీటీ రాయబోయే పిల్ల, ఈ కాగితం అర్థం చేసుకోలేదా?

ఒక ఆదివారం చాలు

ఆప్షన్లు పెట్టే ముందు వచ్చే ఆదివారం ఒక పెద్ద తెల్లకాగితం తీసుకోండి. నిలువుగా నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో కాలేజీ పేరు. రెండో గడిలో ఆసుపత్రి సంగతి: రోగులు, మేష్టార్లు, పీజీలు. మూడో గడిలో మా అమ్మాయికి అక్కడ ఏది కలిసొస్తుంది, ఏది కష్టం. నాలుగో గడిలో ఫీజు, హాస్టల్, దారి. ఈ నాలుగూ నిండేదాకా ‘ఒకటి, రెండు’ అని అంకెలు వేయకండి.

కాగితం నిండాక పెన్ను అమ్మాయి చేతికివ్వండి. అంకెలు ఆమెని వేయనివ్వండి. నాన్నగారు, నాయనమ్మ, మేనమామ తమకున్న సందేహాలు చెప్పొచ్చు. ఆ పిల్ల జవాబు చెప్పాలి. జవాబు చెప్పలేకపోతే మళ్లీ ఆలోచించుకుంటుంది. “ఇది ఎందుకు పైన పెట్టావమ్మా?” అంటే, “మా ఫ్రెండ్ అక్కడే రాసింది కాబట్టి” అన్నదనుకోండి, నవ్వేసి ఇంకొక రోజు గడువివ్వండి. “అక్కడ కాన్పులు ఎక్కువట, నాకు గైనిక్ చేయాలని ఉంది” అన్నదనుకోండి, ఇక మీరు కాఫీ పెట్టుకోవచ్చు.

రేపు అర్ధరాత్రి రెండింటికి, క్యాజువాలిటీలో, ఊపిరాడని పసిబిడ్డని చేతుల్లో పెట్టుకుని ఒక తల్లి ఆ పిల్ల ముఖంలోకి చూస్తుంది. అప్పుడు పక్కన నాన్నగారు ఉండరు, బాబాయి ఉండడు. ఏం చేయాలో ఆమే తేల్చుకోవాలి. తేల్చుకోవడం ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. అది ఈ కాగితం మీదే మొదలవ్వనివ్వండి.